నాలుగో ప్రశ్న

పోయిన వారం మనం తిప్పకుప్పం కాన్పుల గది వసారాలో ఆగాం. శనివారం పొద్దున. నర్సు నవోమి మద్రాసుకు పంపాల్సిన దరఖాస్తు చదివి వినిపిస్తోంది. వింటున్నది ఒక్క మనిషే, నలభై ఏళ్లుగా పులికాటు సరస్సు మధ్యలోని తిప్పల్లో పురుళ్లు పోస్తున్న మంత్రసాని మాలకొండమ్మ. నాలుగో ప్రశ్నకు రాసిన జవాబు సగంలో ఉండగా ఆ ముసలమ్మ ఉన్నట్టుండి లేచి నిలబడింది. అక్కడ ఆపాం.

ఇప్పుడే కథలోకి వచ్చినవాళ్లకు రెండు మాటలు చెప్పాలి. గది కట్టించిన మిషన్ దొరసాని రెండేళ్ల కిందట తన దేశం వెళ్లిపోయింది. ఆమెతోపాటే మందులూ, దూదీ, నర్సు జీతమూ వెళ్లిపోయాయి. మిగిలిన ఒకే ఆశ మద్రాసులోని సేవానిధి అనే సంఘం. వాళ్లు ఏడు ప్రశ్నల కాగితం ఒకటి పంపారు. జవాబులు నచ్చితే మూడేళ్లపాటు గదిని నిలబెడతారు. సోమవారం పొద్దుటి బండికి ఆ కాగితం సూళ్లూరుపేటలో ఎక్కాలి. ఎక్కకపోతే మళ్లీ ఏడాదికే.

కాన్పు చేయడం తెలిసిన నవోమికి ఈ కాగితం మాత్రం చేతికి లొంగలేదు. మొదటిసారి ‘మహారాజరాజశ్రీ అయ్యగార్ల పాదపద్మములకు’ అని మొదలుపెట్టింది. దాన్ని సూళ్లూరుపేటలో పద్మనాభయ్యగారికి చూపిస్తే ఆయన కళ్లద్దాలు తీసి పొట్ట పట్టుకుని నవ్వాడు. తాలూకాఫీసులో ముప్ఫై ఏళ్లు గుమాస్తాగా చేసి దిగిన మనిషాయన. చూపు తగ్గింది. నవోమి వెళ్లినప్పుడల్లా పేపరు చదివి వినిపించాలి, అదే ఆయన గురుదక్షిణ.

“అమ్మా, అర్జీ వేరు, ఇది వేరు. అర్జీలో మనల్ని మనం తగ్గించుకుంటాం. ఇందులో తగ్గించుకోకూడదు, పెంచుకోకూడదు. ఉన్నంత కొలతలో నిలబడాలి. అది చాలా కష్టం” అన్నాడాయన.

రెండోసారి రాసింది ప్రసంగంలా ఉందన్నాడు. మూడోసారి రాసింది జనాభా లెక్కలా ఉందన్నాడు. ఇక ఇంటికొస్తే మేనమామ జ్ఞానప్రకాశం మాట ఇంకో రకం. ఆయన మిషన్ బడిలో పంతులుగా చేసి దిగినవాడు, గది నడిపే సంఘానికి అధ్యక్షుడు. “చదివినవాళ్ల కళ్లలో నీళ్లు తిరగాలమ్మా. లేకపోతే వాళ్ల చెయ్యి జేబులోకి పోదు” అంటాడు. ఒకరు దీనులు, అనాథలు అనే మాటలన్నీ కొట్టేయమంటారు, ఇంకొకరు వాటినే రెండేసి చొప్పున పెట్టమంటారు. ఎవరి మాట వినాలో తెలియక నవోమి మూడు ప్రశ్నలకు పద్మనాభయ్యగారి మాట విన్నది. నాలుగోదానికి మామ మాట విన్నది. ఆ నాలుగో ప్రశ్న ఇది: ‘మీ చోట నిజంగా జరిగిన ఒక సంఘటన రాయండి. మీ పని లేకపోతే ఏమవుతుందో దాన్నిబట్టి మాకు అర్థం కావాలి.’

రాయడమైతే రాసింది. కానీ పద్మనాభయ్యగారు ఒక షరతు పెట్టాడు. “ఎవరి గురించి రాశావో వాళ్లకు చదివి వినిపించు. వాళ్లు తల ఊపితేనే పంపు.”

అందుకే మాలకొండమ్మను పిలిచింది. ఇప్పుడు ఆ ముసలమ్మ నిలబడి ఉంది.

“కూర్చో అవ్వా. ఇంకా కొంచెమే ఉంది.”

“నిలబడే వింటాలే. ఆ ముక్క మళ్లా చదువు.”

“ఏ ముక్క?”

“నన్ను తిట్టిన ముక్క.”

నవోమి కాగితం వెనక్కి తిప్పింది. ఇందాక గడగడా చదివిన వాక్యమే ఇప్పుడు నోట్లో తిరగడం లేదు.

“‘అజ్ఞానురాలైన మంత్రసాని పొద్దంతా తన మొరటు వైద్యంతో కాలయాపన చేసి, పరిస్థితి చెయ్యి దాటాక నర్సుకు కబురు పెట్టింది. పడవలో సూళ్లూరుపేట ఆసుపత్రికి తీసుకుపోతుండగా అంకాలమ్మ అనే ఆ నిండు చూలాలు కడుపులో బిడ్డతో సహా కన్నుమూసింది.’”

“అంకాలి పేరు రాసినావు. నా పేరు రాయలా.”

“నీ పేరు ఎందుకులే అని...”

“పేరు రాయకపోతే నేను కాకుండా పోతానా? ఈ తిప్పల్లో మంత్రసాని అంటే ఇంకెవురుండారు?”

“నిన్ను తిట్టాలని కాదవ్వా. గది లేకపోతే ఏమవుతుందో మద్రాసువాళ్లకు తెలియాలి కదా” అంది నవోమి.

“తెలియాలంటే నేను చంపినట్టు రాయాల్నా?”

“చంపావని రాయలేదు. ఆలస్యమైందని రాశా. అది నిజమే కదా! నాకు కబురు అందేసరికి మధ్యాహ్నం రెండు గంటలు.”

ముసలమ్మ ఆమె మొహంలోకి చూసింది. కోపంగా కాదు. కడుపు మీద చెయ్యి వేసి బిడ్డ తల ఎటుందో వెతికేటప్పుడు చూసినట్టు చూసింది.

“రెండుకా? నీకు రెండుకా అందింది?”

“అవును.”

“నేను పంపింది తెల్లారి, బిడ్డా. పొద్దు నీళ్ల మీదికి రాకముందే. చెయ్యి పెట్టంగానే తెలిసిపోయింది, బిడ్డ అడ్డం తిరిగి ఉండాది. ఇది నా చేతిలో పని కాదురా, నర్సమ్మను పిలుచుకోని రా పో అని ఆమె మొగుణ్ణి తరిమినా. చిన్నపోలయ్య పడవ ఏసుకోని పోయినాడు. మిట్టమధ్యాన్నం ఒక్కడే తిరిగొచ్చినాడు. నర్సమ్మ ఇప్పట్లో రాదంట అవ్వా అని చెప్పి గడప కాడ కూలబడినాడు.”

నవోమి చేతిలో కాగితాలు వసారా గాలికి రెపరెపలాడుతున్నాయి. వాటిని పట్టుకోవాలని కూడా తోచలేదు.

“నేను రానన్నానా? నాకు కబురే అందలేదు కదా! ఎవరు చెప్పారతనికి?”

“మీ మామ. పెద్దయ్య. మద్రాసోళ్లు వచ్చిన రోజు గదా అది.”

ఆ రోజు నవోమికి బాగా గుర్తుంది. పోయిన సంవత్సరం మే నెల. సేవానిధి నుంచి ముగ్గురు ఆడవాళ్లు గది చూడటానికి వచ్చారు. కొత్త దుప్పట్లు పరిచారు. మంచాలు ఖాళీగా కనబడకూడదని, ఎప్పుడో పురుడు పోసుకున్న ఇద్దరు బాలింతల్ని బిడ్డలతో సహా ఇళ్ల నుంచి పిలిపించి పడుకోబెట్టారు. వచ్చినవాళ్లు కొబ్బరినీళ్లు తాగి, అన్నీ చూసి, ఒంటిగంటన్నరకు వెళ్లిపోయారు. ఆ తర్వాతే మామ వచ్చి, అవతలి తిప్పలో అంకాలమ్మకు కష్టంగా ఉందట, వెళ్లమని చెప్పాడు. తను వెళ్లేసరికి ఆమెను అప్పటికే పడవలోకి ఎక్కించేశారు. ఎండాకాలం, సరస్సులో నీళ్లు మోకాలి లోతు. నడిమధ్య పడవ బురదలో కూరుకుంది. మగవాళ్లు దిగి తోస్తుండగా నవోమి చేతుల్లోనే అంకాలమ్మ పోయింది.

మంత్రసాని కబురు ఆలస్యంగా పెట్టిందని నవోమికి ఎవరూ చెప్పలేదు. ఆమే అనుకుంది. పద్నాలుగు నెలలుగా అదే నిజమనుకుని, ఒక్కసారీ అడగలేదు.

“నాకెందుకు చెప్పలేదవ్వా ఇన్నాళ్లూ?”

“నీకు తెలుసనుకున్నా. పెద్దోళ్లు వచ్చిన రోజు, వదిలేసి వచ్చేదానికి వీలు కాలేదేమో, లోపల నీకే బాధగా ఉంటుంది, మళ్లా నేనెందుకు కెలకాల అనుకున్నా.” ముసలమ్మ పైట సర్దుకుని మెట్టు దిగింది. దిగి, వెనక్కి తిరిగింది. “నన్ను తిడితే గది నిలబడుద్దంటే తిట్టు నర్సమ్మా. నాకేం పోయింది? ఈ వయసులో నాకు పేరెందుకు? కానీ జరగనిదాన్ని పట్టుకోని తిట్టబాక.”

*

జ్ఞానప్రకాశం ఇంటి అరుగు మీద కూర్చుని మైదా జిగురుతో ఖాకీ కాగితం కవరు అంటిస్తున్నాడు. మేనకోడల్ని చూసి మొహం విప్పారింది.

“ఇదిగో, నీ దరఖాస్తుకే. బజారు కవర్లు చిరిగిపోతాయి. అయిందా? తల ఊపిందా ముసల్ది?”

“మామయ్యా, అంకాలమ్మ కోసం చిన్నపోలయ్య ఎన్ని గంటలకు వచ్చాడు?”

జిగురు వేలు కాగితం మీద ఆగిపోయింది. ఆయన ‘ఏ చిన్నపోలయ్య’ అనలేదు, ‘ఎప్పుడు’ అనలేదు.

“ఎవరు చెప్పారు?” అన్నాడు.

అంతే, నవోమి అరుగు అంచున కూర్చుండిపోయింది. దారిపొడుగునా ఆమె ఒకటే ప్రార్థించుకుంటూ వచ్చింది. ముసలమ్మ పొరబడి ఉండాలి, మామ నవ్వేసి కొట్టిపారేయాలి అని.

“ఎనిమిదింటికి వచ్చాడు” అన్నాడు జ్ఞానప్రకాశం. “వాళ్లు తొమ్మిదింటికి వస్తారు. నువ్వు పడవెక్కితే మళ్లీ సాయంత్రానికి గాని రావు. నర్సు లేని గదిని చూపించి ఏం అడగమంటావు? ఈ ఒక్కరోజు నువ్వు తెల్లచీర కట్టుకుని వాళ్ల ముందు నిలబడితే, ఇలాంటి అంకాలమ్మలు వందమంది బతుకుతారనుకున్నా. వాళ్లు వెళ్లగానే పంపిస్తానని చెప్పా అతనికి. గంటో రెండు గంటలో అనుకున్నా.”

“బిడ్డ అడ్డం తిరిగిందని చెప్పాడా?”

“చెప్పాడు.”

“చెప్పినా ఆపావా?”

“అదేంటో నాకు అర్థం కాలేదమ్మా. అర్థం కాలేదని ఒప్పుకోనూ లేదు. కాన్పులకు పొద్దంతా పడుతుందని నువ్వే అంటుంటావు కదా, ఆ మాట పట్టుకున్నా.” ఆయన వేళ్లకున్న జిగురు పంచెకు తుడుచుకున్నాడు. “అంత చేసినా ఆ ఏడాది వాళ్లు మనకు డబ్బు ఇవ్వనూ లేదు.”

నవోమికి ఏడుపు రాలేదు. కోపం వచ్చిందో లేదో కూడా తెలియలేదు. తండ్రి పోయాక తనను చదివించింది ఈ మనిషి. నెల్లూరులో నర్సు చదువుకు పంపడానికి ఇంట్లో ఆవును అమ్మింది ఈ మనిషి. ఈయన్నే ఇప్పుడు ఏ పేరుతో పిలవాలో అర్థం కాలేదు.

“నాలుగో ప్రశ్నకు ఆమెను తిట్టించి రాయించావు నా చేత” అంది చివరికి.

“ఎవరో ఒకరి తప్పు ఉండాలి కదమ్మా సంఘటనలో! ఆమెది రాస్తే గది ఉంటుంది. నాది రాస్తే గది మూత. నన్నేం చేయమంటావో నువ్వే చెప్పు.”

“అంకాలమ్మను వదిలేసి ఇంకో సంఘటన రాస్తా.”

ఆ మాటకు జ్ఞానప్రకాశం తల అడ్డంగా ఊపాడు. లేచి లోపలికి వెళ్లాడు. పెట్టె మూత చప్పుడైంది. తిరిగొచ్చి ఒక ఉత్తరం ఆమె చేతిలో పెట్టాడు. మడతల దగ్గర నలిగి ఉంది, చాలాసార్లు తీసి చదివినట్టు.

“ఆ ప్రశ్నల కాగితంతో పాటే వచ్చింది. నీకు చూపించలేదు” అన్నాడు.

ఇంగ్లీషులో రాసిన ఉత్తరం. రాసింది ఎలిశబెతు, ఆ రోజు వచ్చిన ముగ్గురిలో అందరికన్నా పెద్దావిడ. నవోమికి ఆవిడ గుర్తుంది. తక్కిన ఇద్దరూ ఏవేవో అడుగుతుంటే ఆవిడ మాత్రం మాట్లాడకుండా బయటికి చూస్తూ ఉండిపోయింది. ఉత్తరంలో ముందు కుశలప్రశ్నలున్నాయి. ఈసారి తప్పకుండా దరఖాస్తు పెట్టమని ఉంది. దాని కింద ఇలా ఉంది:

‘మేము వచ్చిన రోజు మీ గోడ పక్కన ఒక మనిషి నిలబడి ఉన్నాడు. ఎవరని అడిగితే చేపలు అమ్మడానికి వచ్చాడని మీరు చెప్పారు. అతని దగ్గర తట్ట లేదు. అతను ఏడుస్తున్నాడు. మీరు పనిలో ఉన్నారు కదా అని నేను మళ్లీ అడగలేదు. అడగనందుకు ఏడాదిగా బాధపడుతున్నాను. అతను ఎవరు? ఏ పని మీద వచ్చాడు? ఆ పని అయిందా? జవాబు ఎలాంటిదైనా నాకు కావాలి.’

నవోమి రెండుసార్లు చదివింది. కాగితంలో ఉన్న ఏడు ప్రశ్నలూ ఒక్కసారిగా చిన్నవైపోయాయి.

“దీనికి ఏం రాశావు?”

“ఏమీ రాయలేదు. రెండు నెలలైంది. ఏం రాయాలో తెలియలేదు. రోజూ పొద్దున తీస్తాను, చదువుతాను, మళ్లీ పెట్టెలో పెడతాను.” “నిజం రాస్తే, ఇలాంటివాళ్ల చేతిలోనా గది పెట్టేది అంటారు. రాయకుండా దరఖాస్తు పంపితే, జవాబు చెప్పలేదేమని అడుగుతారు. అందుకే ఆ ముసల్దాని మీదికి తోసేశా. చేపలవాడు కాదు, అంకాలమ్మ మొగుడే, మంత్రసాని ఆలస్యం చేసింది, అతను ఆలస్యంగా వచ్చాడు అని ఆవిడకు రాస్తే అన్నీ అతికిపోతాయి కదా అనుకున్నా.”

“అతికించావు. బాగానే అతికించావు” అంది నవోమి.

ఉత్తరం, దరఖాస్తు రెండూ సంచిలో పెట్టుకుని లేచింది.

“ఎక్కడికి?”

“అతన్ని అడగకుండా అతని గురించి రాయను.”

“నవోమీ, సోమవారం బండి...”

ఆమె అప్పటికే మలుపు తిరిగింది.

*

చిన్నపోలయ్య రేవులోనే ఉన్నాడు. ఒడ్డుకు లాగిన పడవ నీడలో కూర్చుని, వల కాలి బొటనవేలికి తగిలించుకుని చిరుగులు అల్లుకుంటున్నాడు. ముప్ఫై ఏళ్లు కూడా నిండని మనిషి, గడ్డం అప్పుడే అక్కడక్కడా నెరిసింది. పద్నాలుగు నెలలుగా అతను నవోమి ఎదురొస్తే మొహం పక్కకు తిప్పుకుని పోతున్నాడు. పెళ్లాం పోయిన దుఃఖమని ఆమె అనుకుంది. ఇవాళ కూడా ఆమె నీడ వల మీద పడగానే అతని తల ఇంకా కిందికి వంగింది.

“చిన్నపోలయ్యా, నేను రానన్నానని నీకు చెప్పారట. నాకు ఆ రోజు రెండు గంటల దాకా తెలియదు. నిన్ను మా మామయ్య పంపించేశాడని ఇందాకే తెలిసింది.”

అతని చేతిలో దారపు కండె వలలోకి దూరింది, బయటికొచ్చింది.

“మద్రాసు నుంచి ఒకావిడ నీ గురించి అడిగింది. గోడ పక్కన నువ్వు ఏడుస్తుంటే చూసిందట. ఏం జరిగిందో రాయమంది.” నవోమి ఇసుకలో చతికిలబడింది. సంచిలోంచి కాగితం, కలం తీసింది. “నువ్వు చెప్పు. నువ్వు చెప్పింది చెప్పినట్టు రాస్తా. మా మామయ్య పేరుతో సహా రాస్తా. గది పోతే పోతుంది.”

ఆ చివరి మాట అనేసరికి ఆమెకు గుండెల మీంచి ఏదో దిగినట్టైంది. పొద్దుటి నుంచీ మసక మసకగా ఉన్నదేదో తేటపడినట్టే అనిపించింది. ఎవరు తప్పు చేశారో తెలిసింది. ఏం రాయాలో తెలిసింది. ఇక కష్టమేముంది, రాయడమే.

చిన్నపోలయ్య కండె పక్కన పెట్టాడు. మొదటిసారి ఆమె వైపు తిన్నగా చూశాడు.

“మీ మామ పేరు ఒక్కటే రాస్తావా?”

“అంటే?”

“ఆయన పొమ్మన్యాడు. నేను పోలా, నర్సమ్మా. యాడికి పోతా? గది ఎనక పక్కకు పోయినా. కిటికీ కాడికి.”

“ఏ కిటికీ?”

“మంచాల పక్కది. మీరంతా లోపల ఉండారు. నువ్వు పళ్లెంలో కత్తెర్లు, పట్టకార్లు చూపిస్తా ఉండావు వాళ్లకు. నేను ఊచలు పట్టుకోని నిలబడినా. నువ్వు తల ఎత్తి చూసినావు.”

“లేదు. నేను నిన్ను చూడలేదు చిన్నపోలయ్యా. చూసి ఉంటే...”

“చూసినావు. నోరు తెరిచి అడగబోయినా. నువ్వు ఇట్టా అన్నావు.”

అతను కుడిచెయ్యి ఎత్తాడు. అరచెయ్యి ఆమె వైపు, వేళ్లు కొంచెం వంచి. ఆగు, వస్తున్నా, ఇప్పుడు కాదు అన్నట్టు.

నవోమి లేదని చెప్పడానికి నోరు తెరిచింది. కానీ ఆ చెయ్యి తనదే. రోజుకు పదిసార్లు ఎత్తే చెయ్యి. మందు కోసం వచ్చినవాళ్లకు, బిడ్డను చూడటానికి వచ్చిన చుట్టాలకు, అందరికీ అలాగే ఎత్తుతుంది. ఆ రోజు కూడా ఎడమచేత్తో పళ్లెం పట్టుకుని, వాక్యం మధ్యలో ఆపడం ఇష్టం లేక, కిటికీలో ఏదో మొహం కనబడితే... ఎవరి మొహం? ఎవరిదో. ఊచల మధ్య ఒక మొహం. ఎత్తిందా? ఎత్తింది. ఎత్తి, మళ్లీ వాళ్ల వైపు తిరిగి నవ్వుతూ వాక్యం పూర్తి చేసింది. ఆ వాక్యం కూడా గుర్తొస్తోంది ఇప్పుడు. ‘ఈ చుట్టుపక్కల పన్నెండు తిప్పల్లో ఏ ఆడదానికి కష్టమొచ్చినా ఈ తలుపు తెరిచే ఉంటుందమ్మా’ అంటోంది అప్పుడు.

నీళ్ల మీది గాలికి ఒళ్లోని కాగితం లేచి ఇసుకలో పడింది. ఇద్దరూ దాన్ని తియ్యలేదు.

“నేను ఆగినా, నర్సమ్మా” అన్నాడు చిన్నపోలయ్య. గొంతులో కోపం లేదు, అదే ఆమె భరించలేకపోయింది. “గోడ కాడ కూర్చోని ఆగినా. పొద్దు బాగా పైకెక్కిందాకా ఆగినా. ఎంతసేపు ఆగాల్నో నువ్వు చెప్పలా.”

అతను వంగి, ఇసుకలో పడిన కాగితం తీసి, దులిపి, ఆమె చేతికిచ్చాడు. కలం కూడా తీసి ఇచ్చాడు.

“ఊఁ, రాయి. యాడ నుంచి చెప్పాల్నో చెప్పు.”